హబీబుల్లా సాబ్ ఊళ్లో కామెర్లకు ఇంకా పసరేనా?

జూలై 28 ప్రపంచ హెపటైటిస్ దినం. ర్యాలీలు, ఫ్లెక్సీలు మామూలే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లం మాత్రం ఆ రోజు ఒక పేరు తలుచుకోవాలి: డాక్టర్ చిత్తూరు మహమ్మద్ హబీబుల్లా. 1937లో హిందూపురంలో పుట్టి, ఈ ఊళ్ల బడుల్లోనే చదువుకున్న ఆయన దేశం గుర్తించిన కాలేయ వైద్య నిపుణుడయ్యారు. హైదరాబాద్ ఉస్మానియాలో గ్యాస్ట్రో విభాగం నడిపారు. దక్కన్ మెడికల్ కాలేజీలో కాలేయ పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. 2010లో ఇంతకాలం చేశారు.

ఆయన ఏం చేశారు?

కాలేయం ఉన్నట్టుండి దెబ్బతిని కోమాలోకి పోయిన రోగికి అప్పట్లో దారి దాదాపు లేదు. కాలేయం మొత్తం మార్చే బదులు, గర్భస్థ శిశువుల కాలేయ కణాలను రోగి కడుపులోకి ఎక్కిస్తే? హబీబుల్లా బృందం ఏడుగురిపై ఇది చేసి చూసి, 1994లో ఫలితాలు ప్రచురించింది. కోమా మరీ ముదరని వాళ్లలో ఆశ కనిపించింది, ముదిరినవాళ్లకు పని చేయలేదు. ఇది చిన్న ప్రయోగమే, మామూలు వైద్యంగా మారలేదు. కానీ కణాలతో కాలేయ చికిత్స అనే దారిలో తొలి అడుగుల్లో ఇదొకటి. మన ప్రాంతంలో హెపటైటిస్ సి ఎంతమందిలో ఉంది, ఏ రకం ఉంది అనే లెక్క కూడా ఆయన బృందం తీసింది.

పసరు ఎందుకు పని చేసినట్టు కనిపిస్తుంది?

కామెర్లు వస్తే మన ఇళ్లలో పెద్దవాళ్లు మొదట చెప్పేది పసరు, లేదంటే వాత. నయమైందని సాక్ష్యం చెప్పేవాళ్లూ ఉంటారు. అసలు సంగతేంటంటే, కలుషిత నీళ్లతో వచ్చే ఎ, ఇ రకాలు చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. పేరు పసరుకు పోతుంది. గర్భిణికి ఇ రకం వస్తే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు, ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బి, సి రకాలు వేరు. రక్తం ద్వారా, వాడిన సూది, బ్లేడు ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. బి రకం శారీరక సంబంధం వల్ల కూడా సోకుతుంది. కళ్లు పచ్చబడకుండానే ఇరవై, ముప్పై ఏళ్లు కాలేయాన్ని తినేస్తాయి. సిర్రోసిస్ అని తెలిసేసరికి బెంగళూరు ఆసుపత్రులు, లక్షల్లో బిల్లులు, అమ్ముకున్న ఇంటి జాగా. మందు తాగే అలవాటు లేదు కదా, మనకేం కాదులే అనుకోవడం పొరపాటు. వైరస్ అది చూడదు.

2022లో మన దేశంలో బి రకం 2.98 కోట్ల మందిలో, సి రకం 55 లక్షల మందిలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీళ్లలో ఎక్కువమందికి తమకు ఉన్నట్టే తెలియదు.

ఖర్చు లెక్క

2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష, మందులు ఉచితం. సి రకం సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. బి రకాన్ని మందులతో అదుపులో ఉంచొచ్చు. దానికి టీకా కూడా ఉంది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారు చేశాక ధర దిగొచ్చింది. ఇప్పుడు సర్కారు టీకాల్లో అది ఉచితం: బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు ఒకటి, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు. మొదటి డోసు తప్పితే తల్లి నుంచి వచ్చే వైరస్‌ను ఆపే మంచి అవకాశం పోయినట్టే.

మనం చేయాల్సింది

గర్భిణులకు హెపటైటిస్ బి పరీక్ష అడిగి చేయించండి. ఖత్నాకైనా, హిజామాకైనా, సెలూన్‌లో గడ్డానికైనా కొత్త బ్లేడు కళ్ల ముందే విప్పమనండి. ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటే, ముసాఫా చేస్తే బి, సి అంటవు. కాబట్టి రోగిని దూరం పెట్టొద్దు. సంబంధాలు చెడిపోతాయని రిపోర్టు దాచడం వల్లే జబ్బు ముదురుతోంది. పెళ్లికి ముందే తెలిస్తే రెండో వాళ్లకు టీకా వేయించొచ్చు.

ఇక సర్కారును అడగాల్సింది: ఈ మూడు ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో బి, సి పరీక్షలు ఏ రోజుల్లో చేస్తారు, పాజిటివ్ వస్తే మందులు ఎక్కడిస్తారు? ఈ వివరాలు తెలుగులో, ఉర్దూలో బోర్డు మీద రాసి గేటు దగ్గరే పెట్టాలి. మస్జిద్ కమిటీలు జుమా తర్వాత రెండు నిమిషాలు ఈ మాట చెబితే చాలు, సగం పని అయిపోతుంది. హబీబుల్లా సాబ్ పేరు మీద సన్మాన సభ కంటే ఒక పరీక్షా శిబిరం పెట్టడం మేలు.