బజారు మానలేనన్న సహాబీ

మూడేళ్ల క్రితం ఒకనాడు అస్ర్ నమాజు తరువాత ఒక తండ్రి మా వద్దకు వచ్చి కూర్చున్నారు. వెంట ఇరవై రెండేళ్ల కుమారుడు. ఆ అబ్బాయికి పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. పద్దెనిమిదేళ్లు నిండగానే ప్రత్యేక పాఠశాల ముగిసింది. అప్పటి నుండి ఇల్లే లోకం. "మౌలానా సాబ్, వీడికి పని నేర్పి, పనిలో కుదురుస్తామని కొందరు అంటున్నారు. పంపమంటారా?" అని తండ్రి అడిగారు.

మేము క్షణమైనా ఆలోచించలేదు. "ఇతడు అల్లాహ్ మీ చేతికిచ్చిన అమానత్. బజారులో నలుగురి నవ్వులపాలు చేయడమెందుకు? ఇంట్లోనే చూసుకోండి, సబర్ చేయండి" అన్నాము. తండ్రి తల ఊపారు. అబ్బాయి మాత్రం మా ముఖంలోకి సూటిగా చూసి "నేను పోతా" అన్నాడు. మేము ఆ మాటను లెక్కలోకి తీసుకోలేదు.

ఏడాది తరువాత తరగతిలో వర్తక ప్రకరణం బోధిస్తున్నాము. అందులో హజ్రత్ హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి) ఉదంతం వస్తుంది. అది ఆయన తండ్రికి జరిగిందని చెప్పే ఉల్లేఖనాలూ ఉన్నాయి. తలకు తగిలిన గాయం వల్ల ఆయన బుద్ధి, నాలుక రెండూ దెబ్బతిన్నాయి. బేరాలలో మోసపోతుండేవారు. ఇంటివారు దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, ఈయనను వ్యాపారం చేయకుండా కట్టడి చేయమని కోరారు. ప్రవక్త (సఅసం) ఆయనను పిలిపించి మానుకోమన్నారు. వ్యాపారం లేకుండా తాను ఉండలేనని ఆయన విన్నవించుకున్నారు. అప్పుడు ప్రతి బేరంలోనూ మోసం ఉండరాదన్న షరతు చెప్పుకోమని ఆయనకు నేర్పారు. కొన్న సరుకును మూడు రోజులలోగా తిరిగి ఇచ్చే హక్కు కల్పించారు. నాలుక తిరగక ఆయన ఆ షరతును సైతం తప్పుగానే పలికేవారట. అయినా మదీనా బజారులో అది చెల్లింది.

ముప్ఫై ఏళ్లుగా ఈ పాఠాన్ని మేము 'ఖియార్' మసలా కోసమే చెబుతూ వచ్చాము. గడువు ఎన్ని రోజులు, ఏ ఇమాము ఏమన్నారు అన్నదే మా ధ్యాస. అందులోని మనిషిని మేము చూడనే లేదు. ఆ రోజు చూశాము. ఇంటివారు కోరినది మేము ఆ తండ్రికి ఇచ్చిన సలహానే! ఆ అబ్బాయి అన్నది సహాబీ అన్న మాటే.

ఆ సాయంత్రమే వారింటికి వెళ్లి, తండ్రికీ కొడుక్కీ క్షమాపణ చెప్పుకున్నాము. మా మాట వల్ల అతడికి ఒక ఏడాది పోయింది.

ఇటువంటి యువతకు పని నేర్పే పాత పద్ధతి ఒకటుంది. ముందు శిక్షణ, తరువాత ఉద్యోగం. కొవ్వొత్తులు చేస్తూ, కాగితపు సంచులు అంటిస్తూ ఏళ్లు గడిచిపోతాయి. 'సిద్ధమయ్యాడు' అనే రోజు మాత్రం రాదు. 1980లలో అమెరికాలో దీనిని తలకిందులు చేశారు. ముందు నిజమైన పనిచోటు, అక్కడే శిక్షణ. 1986లో ఈ విధానానికి అక్కడి పునరావాస చట్టంలో చోటు దొరికింది. పక్కన నిలబడి నేర్పే వ్యక్తిని 'జాబ్ కోచ్' అంటారు. ఆయన నైపుణ్యమంతా క్రమంగా వెనక్కు తగ్గడంలోనే ఉంది.

మన అబ్బాయి ఒక బేకరీలో చేరాడు. పెట్టెకు పన్నెండు బిస్కెట్లు పెట్టాలి. అతడికి లెక్క నిలవదు. కోచ్ ఒక అట్టమీద పన్నెండు వలయాలు గీసి ఇచ్చాడు. ఒక్కో వలయంలో ఒక్కో బిస్కెట్, అట్ట నిండితే పెట్టెలోకి. మొదటి మూడు వారాలు పక్కనే ఉన్న కోచ్ తరువాత తలుపు దగ్గర, ఆ తరువాత వారానికి రెండుసార్లు, ఇప్పుడు ఫోనులో మాత్రమే.

అంతా సాఫీగా సాగిందని చెప్పము. ఒకనాడు బస్సు దారి మళ్లించడంతో అబ్బాయి నాలుగు గంటలు కనబడలేదు. తల్లి సొమ్మసిల్లింది. ఇక పని వద్దని తండ్రి తీర్మానించారు. మరునాడు ఫజ్ర్ వేళకే అబ్బాయి టిఫిన్ డబ్బా పట్టుకొని గడపలో కూర్చున్నాడట. మెడలో ఫోను నంబరున్న కార్డు వేసి మళ్లీ పంపారు.

యజమాని మొదటి మూడు నెలలూ జీతానికి బదులు బిస్కెట్ పొట్లాలు ఇచ్చి "సవాబు కోసం పెట్టుకున్నాను" అన్నారు. వెళ్లి మాట్లాడక తప్పలేదు. సవాబు వేరు, మజూరీ వేరు. నమాజీ మనిషికి ఈ సంగతి చెప్పవలసి రావడం మాకే సిగ్గనిపించింది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన చట్టం సంగతి ఒకటి. పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండితే తల్లిదండ్రులు చట్టరీత్యా వారికి సంరక్షకులుగా కొనసాగరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లాలోని స్థానిక కమిటీ ద్వారా సంరక్షకులను నియమింపజేసుకోవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం కేటాయించింది. అందులో 1 శాతం మేధో వైకల్యం, ఆటిజం వంటివి ఉన్నవారందరికీ కలిపి. సలహాకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. అయితే అక్కచెల్లెళ్ల సంబంధాలు చెడతాయని ఇటువంటి పిల్లలను లోపలి గదిలో దాచే ఇళ్లు మన బస్తీలలో ఎన్నో. దాచిన పిల్లల కోసం ఏ కమిటీ వస్తుంది? ఆడపిల్లలైతే ఆ గది తలుపు మరింత బరువు.

గత నెల జీతం రోజున ఆ యువకుడు మదరసాకు వచ్చాడు. ఇరవై రూపాయలు బల్లమీద పెట్టి రసీదు అడిగాడు. అలవాటుకొద్దీ మేము తండ్రి పేరు రాయబోయాము. అతడు మా కలం పట్టుకొని ఆపాడు. ఆ కాగితం చింపి, అతడి పేరుతో మరొకటి రాసి ఇచ్చాము.