హోటలు బిల్లులో కార్డు రుసుము

భోజనము ముగించి బిల్లు చెల్లింపబోవు అతిథితో “కార్డైనచో నూటికి రెండు రూపాయలు అదనము” అని చెప్పు ఆచారము మన పట్టణములందలి కొన్ని హోటళ్ళలోను, వసతిగృహములలోను కానవచ్చుచున్నది. కాఫీ ఫలహారముల బిల్లులో ఈ రెండు రూపాయలను లెక్కించువారు లేరు. కాని మండపమును, గదులను, విందును కలిపి మాటలాడుకొనిన పెండ్లివారికి మూడు లక్షల బిల్లుపై ఆరువేలు అధికమగును. బేరము కుదుర్చుకొనునాడు ఈ మాట ఎత్తక, బంధువులు ప్రయాణమై వాకిట నిలిచిన వేళ ఎత్తినచో, ఆ గృహస్థు ఎవరితో వాదింపగలడు?

యజమానుల మొర అబద్ధమని మేమనము. అతిథి కార్డు గీచినప్పుడెల్ల బ్యాంకు తన రుసుమును మినహాయించుకొని మిగిలినదే హోటలు ఖాతాలో జమకట్టును. అందు హెచ్చుపాలు కార్డునిచ్చిన బ్యాంకునకును, కొంత యంత్రమునమర్చిన బ్యాంకునకును, కొంత వీసా, మాస్టర్ కార్డు వంటి విదేశ సంస్థలకును పోవును. రెండువేల రూపాయలు మించిన చెల్లింపులందు ఆ రుసుముపై 18 శాతము వస్తుసేవల పన్ను కూడ పడును. ఇతర వర్తకులు ఈ పన్నును తాము సర్కారునకు కట్టవలసిన పన్నులో తగ్గించుకొందురు. 2017 నవంబరు 15 నుండి 5 శాతపు పన్నుకు లోబడిన భోజనశాలలకు మాత్రము ఆ సౌకర్యము లేదు. కావున వారి కష్టము నిజమే. వారు వెదకుకొనిన ఉపాయమే న్యాయము కాదు.

ఒక ముఖ్యభేదమును పాఠకులు గమనింపవలయును. డెబిటు కార్డు తన ఖాతాలోని సొమ్ము; క్రెడిటు కార్డు బ్యాంకు ఇచ్చు అప్పు. డెబిటు కార్డు రుసుమునకు రిజర్వు బ్యాంకు 2018 జనవరి 1 నుండి హద్దు విధించెను. ఏటా ఇరువది లక్షలకు లోబడి అమ్మకములు గల వర్తకుడు యంత్రముపై 0.40 శాతము, ఎంత పెద్ద బిల్లుకైనను 200 రూపాయలు మించకుండ చెల్లింపవలెను, తక్కినవారు 0.90 శాతము, వేయి రూపాయలు మించకుండ చెల్లింపవలెను. ఈ రుసుమును కొనుగోలుదారుని నెత్తిన వేయరాదనియు, వర్తకులు వేయకుండ చూచు బాధ్యత బ్యాంకులదనియు అందే చెప్పెను. 2020 జనవరి 1 నుండి రూపే డెబిటు కార్డులకును, యూ.పి.ఐ. చెల్లింపులకును వర్తకుల రుసుమునే ఎత్తివేసిరి. ఇట్లుండ డెబిటు కార్డునిచ్చినవానిని సైతము నూటికి రెండు అడుగు హోటలు తనకు కాని ఖర్చును రాబట్టుచున్నదన్నమాట. పైన చెప్పిన మూడు లక్షలను డెబిటు కార్డుతో చెల్లించినచో హోటలువాని రుసుము వేయి రూపాయలకు మించదు. మిగిలిన ఐదువేలు ఎక్కడికి పోవుచున్నవి?

క్రెడిటు కార్డు సంగతి వేరు. దానికి రిజర్వు బ్యాంకు అట్టి పరిమితి విధింపలేదు. ఐరోపా సమాఖ్యలో 2015లో ముందుగా బ్యాంకుల పాలును డెబిటు కార్డుపై 0.2 శాతమునకు, క్రెడిటు కార్డుపై 0.3 శాతమునకు కట్టడిచేసిరి. పిదప 2018 జనవరి 13 నుండి ఆ కార్డులపై వర్తకులు అదనము పుచ్చుకొనుటను నిషేధించిరి. మొదట బ్యాంకు చేతులు కట్టి, తరువాతనే వర్తకుని చేతులు కట్టిరి. ఆస్ట్రేలియాలో వర్తకుడు తన ఖర్చును రాబట్టుకొనుటకు అనుమతించిరి; కాని ఖర్చును మించి గుంజుటను ఆపుటకు 2016లో చట్టము చేయక తప్పలేదు.

ధరలోనే కలిపివేసిన తగవు తీరదా యని కొందరందురు. తీరదు. కార్డు గలవాడు నెల గడచిన పిమ్మట సొమ్ము కట్టుటయే గాక, బహుమతి పాయింట్లును పొందుచున్నాడు. అవి బ్యాంకు తన సొంత ఉదారతతో ఇచ్చునవి కావు, ఈ రుసుములోనివే. అంగడికి వచ్చి నోట్లు లెక్కించియిచ్చి భోజనము చేయు రైతు, హెచ్చిన ధర రూపమున, పట్టణవాసి పాయింట్లకు కప్పము కట్టవలసివచ్చును. ఈ చిక్కు మూలము రుసుము పరిమాణములోనే యున్నది గాని, దానిని ఏ పంక్తిలో వ్రాసితిమను దానిలో లేదు.

కావున క్రెడిటు కార్డు రుసుమునకు సైతము రిజర్వు బ్యాంకు హద్దు విధింపవలెననియు, పిదపనే అదనమును నిషేధింపవలెననియు మా అభిప్రాయము. హోటలు యజమానుల సంఘములు తమ ఒత్తిడిని అతిథిపై గాక ఇచ్చట చూపవలసియున్నది. సర్వీసు ఛార్జీ నిర్బంధము కారాదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న తీర్పు చెప్పినది. అదే సొమ్ము కార్డు రుసుమను వేషమున మరల బిల్లులోనికి రాకుండునా యని మాకు అనుమానము లేకపోలేదు.

అంతవరకు, క్రెడిటు కార్డుపై అదనము పుచ్చుకొనదలచినవారు ఆ మాటను ధరలపట్టికలోను, బయానా రసీదులోను ముందే వ్రాయవలయును. డెబిటు కార్డుపై అడిగినచో అతిథి ఆ మొత్తమును బిల్లులో విడిగా వ్రాయించుకొని, యంత్రమునమర్చిన బ్యాంకునకు ఫిర్యాదు చేయవచ్చును. 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకును తెలుపవచ్చును.