ఉన్నత విద్యయందు బీద విద్యార్థికి చేయూత

ప్రతి సంవత్సరము పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున మా పాఠశాల ముంగిట గుమిగూడు తల్లిదండ్రులలో పెక్కురు కళాశాల గుమ్మము నెన్నడును త్రొక్కనివారే. బెల్లపు బజారులో కలాసీలు, చెరకు తోటలలో కూలీలు, పరుల యిండ్లలో పాచిపని చేయు తల్లులు. వారి బిడ్డలు ఉత్తీర్ణులైనపుడు మా సంతోషమునకు మేర యుండదు. ఆ సంతోషము ఎంతకాలము నిలుచునను విషయమున నా యభిప్రాయమును విన్నవింప గోరుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట మా పూర్వ విద్యార్థి యొకడు ఇంటర్మీడియటు ముగించి, పట్టణమున నొక కళాశాలలో చేరి, మూడు మాసములైన నిండకమునుపే పెట్టెతో తిరిగి వచ్చెను. "రుసుము ప్రభుత్వమువారు చెల్లింతురు గదా, ఏల వచ్చితివి?" అని యడిగితిని. "మేష్టరుగారూ, అచ్చటి ఇంగ్లీషు పాఠములు నాకు బోధపడలేదు. ఆదాయపు ధ్రువపత్రము మరల తెమ్మనిరి. భోజనపు బాకీ కట్టుమనిరి. ఎవరి నడుగవలయునో తెలియలేదండి" అనెను. ఆ తుది మాట నన్ను నేటికిని బాధించుచున్నది.

బేతెస్ద కోనేటి గట్టున పడియుండిన రోగి కథ మన బాలబాలిక లందరు నెరిగినదే. 38 యేండ్లుగా వ్యాధితో నున్న యతనికి కొరత నీరు కాదు; నీరు కదలినపుడు తన్ను దింపువాడు లేకపోవుటయే. విద్యార్థి వేతనము ఆ నీటివంటిది. వసతిగృహమున శ్రద్ధగల యధికారి, వెనుకబడినవారికి సాయంకాలపు ప్రత్యేక బోధన, దరఖాస్తు నింపుట తెలుపు గుమాస్తా, ధైర్యము చెప్పు పెద్ద — వీరే దింపువారు. వ్యయము తగ్గింప దలచినపుడు మొట్టమొదట తొలగింపబడునదియు వీరే.

నిదర్శనములు చూపెదను. యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు 11, 12వ పంచవర్ష ప్రణాళికల కాలమున బడుగు వర్గముల విద్యార్థుల ప్రత్యేక బోధనకై కళాశాలలకు ధనమిచ్చుచుండిరి. 12వ ప్రణాళిక 2017లో ముగియుటతో పెక్కు కళాశాలలకు ఆ యాదరువు పోయెను. 2024-25 కేంద్ర బడ్జెటులో ఆ కమిషనుకు కేటాయించినది 2,500 కోట్ల రూపాయలు. అంతకు ముందటి యేటి సవరించిన అంచనా 6,409 కోట్లు. కేంద్ర విశ్వవిద్యాలయముల కిచ్చు ధనము పెరిగినదందురు; అది నిజమే. కాని మన ప్రాంతపు బిడ్డలలో ఎక్కువమంది చేరునది 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును, దాని యనుబంధ కళాశాలలందును; అది రాష్ట్ర విశ్వవిద్యాలయము. అల్పసంఖ్యాక వర్గముల పరిశోధకులకు, అందు క్రైస్తవులకును, 2009 నుండి లభించిన మౌలానా ఆజాదు వేతనము 2022-23 నుండి నిలుపబడెను. ఇతర వేతనము లున్నవని కారణము చెప్పిరి.

ప్రభుత్వముల ధనము మితమేయని నేనును ఒప్పుకొందును. అయినను మన యూరివారి కొక ప్రశ్న. చెరకు నరికి, గానుగాడించి, రసము పెనమున పోసి, పాకము రాకమునుపే పొయ్యి యార్పినవానికి ఏమి మిగులును? బెల్లము రాదు; రసమును పులిసిపోవును. రుసుము చెల్లించి, విద్యార్థిని నడుమ విడుచుట అట్టిదే. అది పొదుపు కాదు, నష్టము.

కావున ఏ పద్దు తగ్గించినను ఈ పద్దు తగ్గింపరాదని పాలకులకు నా మనవి. అంతవరకు మనమును చేతులు కట్టుకొని యుండనక్కరలేదు. పట్టణమున ఉద్యోగములలో నున్న మా పూర్వ విద్యార్థులు ఒక్కొక్కరు క్రొత్తగా చేరిన ఒక్కొక్క బిడ్డ బాధ్యత వహింతురుగాక. నెల కొకమారు పలుకరించి, కాగితములు చూచి, కార్యాలయమునకు వెంట పోయిన చాలును. తల్లిదండ్రులారా, చదువురాదని సిగ్గుపడక కళాశాలకు పోయి మీ బిడ్డ సంగతి విచారింపుడు. విద్యార్థులారా, తెలియనిది అడుగుట అవమానము కాదు.

తిరిగివచ్చిన ఆ బాలుడు నేడు ఆటో నడుపుచున్నాడు. కష్టించి బ్రతుకుట గౌరవమే; కాని అతడు కోరినది అది కాదు. అతని చెల్లెలు ఈ యేడు మా తొమ్మిదవ తరగతిలో నున్నది. ఆమె పట్టణమునకు పోవునాటికి, అడుగుట కొక మనిషి యుండవలెను.