యంత్రానికి చెవులు ఎవరు పెట్టాలి?



సైన్స్ మాస్టారు హామ్ రేడియో గురించి చెప్పారు గదా. లైసెన్సు తీసుకున్న మామూలు మనుషులు సొంత సెట్లతో దేశదేశాలవాళ్లతో మాట్లాడుకోవడమే హామ్ రేడియో. అందులో చాన్నాళ్లుగా ఒక తగవు ఉంది. దానిమీద నా అభిప్రాయం రాస్తున్నాను.

హామ్‌లకు ఒక మర్యాద ఉంది. మాట్లాడే ముందు వినాలి. తర్వాత "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. మోర్స్‌లో అయితే క్యూ, ఆర్, ఎల్ అనే మూడక్షరాలు కొట్టి అడుగుతారు. ఎవరూ పలక్కపోతేనే మొదలుపెట్టాలి.

కొన్ని స్టేషన్లలో మాత్రం మనిషి ఉండడు. కంప్యూటరే సెట్టును నడుపుతుంది. సముద్రంలో పడవమీద పోయేవాళ్లు పిలిస్తే వాళ్ల ఈ-మెయిల్ తీసుకుని పంపిస్తుంది. విన్‌లింక్ అలాంటి ఏర్పాటే. మంచి పనే! కాని అప్పటికే అక్కడ ఇద్దరు మాట్లాడుకుంటుంటే? యంత్రం పట్టించుకోకుండా జవాబిస్తే వాళ్ల మాట ఆ రొదలో మునిగిపోతుంది.

"పిలిచినవాడు ముందే విన్నాడు గదా?" అని మీరు అడగొచ్చు. మన కొండల్లో కూత వేయడం గుర్తు తెచ్చుకోండి. ఈ కొండమీద నేను, లోయలో నువ్వు, అవతలి కొండ వెనక ఇంకొకాయన. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నీకు ఇద్దరి కూతా వినబడుతుంది, నాకు ఆయనది వినబడదు. అందుకని నేను నిన్ను పిలుస్తాను. నువ్వు మనిషివి కాబట్టి కాసేపు ఆగుతావు. చెవులు పెట్టని యంత్రం ఆగదు. షార్ట్‌వేవ్ కూడా అంతే. ఆకాశంలో అయానోస్ఫియర్‌కు తగిలి ఎక్కడో దూరాన దిగుతుంది, మధ్యలో కొంత చోటు వదిలేస్తుంది.

అమెరికాలో దీనికి నిబంధన ఉంది. 20 మీటర్ల బ్యాండులో ఇలాంటి డేటా స్టేషన్లకు 14.095 నుంచి 14.0995 వరకు, మళ్లీ 14.1005 నుంచి 14.112 మెగాహెర్ట్జ్ వరకు చోటిచ్చారు. ఆ చోటు దాటితే, మనిషి నడిపే స్టేషను పిలిస్తేనే పలకాలి. సిగ్నల్ వెడల్పు కూడా 500 హెర్ట్జ్ మించకూడదు.

మధ్యలో ఆ చిన్న ఖాళీ ఎందుకో తెలుసా? 14.100 మీద బీకన్లు ఉన్నాయి. అవీ యంత్రాలే! ప్రపంచంలో 18 చోట్లకు వంతులు పంచారు. ఒక్కోదానికి 10 సెకన్లు, మొత్తం చుట్టు 3 నిమిషాలు. మన పక్కనున్న శ్రీలంకకూ ఒక వంతు ఉంది. ఒకదాని వంతులో ఇంకొకటి దూరదు. కాబట్టి తప్పు యంత్రానిది కాదు.

మోటారుకు ఆటో స్టార్టర్ పెడతారు. కరెంటు రాగానే తిరుగుతుంది. రిపేరు చేసేవాడి చెయ్యి అక్కడ ఉందో లేదో అది చూడదు. ఏమన్నా జరిగితే మోటారును తిడతామా? పెట్టినవాడినే అడుగుతాం. ఇక్కడా అంతే. ఆటోమేటిక్ స్టేషన్లను మొత్తం ఆపేయాలని నేను అనను. వాటి చోట్లో అవి ఉండాలి. ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో చూసే బిజీ డిటెక్టర్ పెట్టాలి, పెట్టినదాన్ని ఆపకూడదు. తమ కాల్‌సైన్ అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. అప్పుడే ఇబ్బంది పడ్డవాడు ఎవరిని అడగాలో తెలుస్తుంది. జవాబుదారీ మాత్రం లైసెన్సు ఉన్న మనిషిదే.

ఇది పెద్దవాళ్ల ఆట తగవు అనుకోకండి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు పోయాయి. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పంపిన బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వాళ్ల సెట్లమీదే ఎందరి క్షేమ సమాచారమో ఇళ్లకు చేరింది. అలాంటి సన్నని గొంతుమీద ఎవరూ లేని గదిలోంచి ఒక యంత్రం అరిస్తే?

అందుకే అంటున్నాను, యంత్రం పెట్టినవాడే దానికి చెవులు కూడా పెట్టాలి. కాదనేవాళ్లు తమ మాట రాసి దీని పక్కనే అంటించండి.

— పదో తరగతి, సైన్స్ క్లబ్