తనంత తాను నల్లబడు హెల్మెట్టు నల్లబడనప్పుడు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో యాసంగి వేరుశనగ విత్తు దినములు సమీపించునప్పుడు వెల్డింగు కొట్టముల యొద్ద మన రైతులు వరుసగా నిలుచుట మీరెరిగినదే. గొర్రు కఱ్ఱు విరిగినను, కేజివీలు పట్టీ ఊడినను, ట్రాలీ అడుగురేకు చిల్లుపడినను అచటికే పోవలయును. ఇటీవల కొన్ని గ్రామములలో సంఘపు అద్దె పనిముట్ల కొట్టములందే వెల్డింగు యంత్రము నుంచుకొనుచున్నారు. మంచి పనియే. కాని ఆ యంత్రముతో పాటు కొన్న ఆటో హెల్మెట్టు, అనగా ఆర్కు వెలుగగానే తనంత తాను నల్లబడు ముసుగు, కొన్ని నెలలలోనే మేకునకు వ్రేలాడుచుండుట మేము చూచుచున్నాము. అడిగినచో పాడైనదందురు. మేము చేతబట్టి చూచినవానిలో పెక్కింటికి పట్టినది జబ్బు గాదు, మురికి.

గడచిన సంవత్సరము విత్తన శుద్ధి చూపుటకై మేమొక గ్రామమునకు పోయినప్పుడు జరిగినది చెప్పెదము. కొట్టములో పనిచేయు యువకుడు గొర్రునకు కఱ్ఱు అతుకుచుండెను. హెల్మెట్టు ఒకసారి నల్లబడును, ఒకసారి నల్లబడదు. పని నడుమ మిణుకుమిణుకుమనును. అతడు విసిగి దానిని ప్రక్కనబెట్టి, ముఖము త్రిప్పుకొని, కన్నులు మూసికొని చుక్కలు పెట్టసాగెను. మేము వలదంటిమి. “రెండు చుక్కలే గద సారూ, ఏంగాదు” అనెను. అదను దాటునని రైతు తొందర. మేమును గట్టిగా నిలువరింపక మందు కలుపుటకు పోతిమి. ఆ రాత్రి పండ్రెండు గంటలకు అతని కన్నులలో ఇసుక పోసినట్లయి, నీరు ధారగట్టి, దీపము చూడలేక గోడవంక తిరిగి కూర్చుండెనట. ఇంటివారు చనుబాలు పిండిరి, ఆలుగడ్డ ముక్కలు కట్టిరి. మరునాడు మేము హెల్మెట్టును చేతబట్టి చూడగా, రెండు సెన్సార్లలో ఒకదానిమీద నిప్పురవ్వ అతుకుకొని గట్టిపడి యున్నది. గోటితో గీకగా ఊడినది. అంతే.

ఈ హెల్మెట్టు పనిచేయు విధము తెలిసినచో దాని లోపములు సులభముగా పట్టువడును. కిటికీలో నుండునది ద్రవస్ఫటికపు పలక. చేతి గడియారములలో అంకెలు చూపు పలక వంటిదే. దాని అంచున రెండో నాలుగో సెన్సార్లు, అనగా వెలుగును కనిపెట్టు చిన్న కన్నులు, ఉండును. ఆర్కు వెలుగు వానిపై బడగానే పలకకు విద్యుత్తు అందును. మంచి హెల్మెట్టులో సెకనులో పదివేలవ వంతుకంటెను తక్కువ కాలములో పలక నల్లబడును. స్వీడను దేశములో పుట్టిన స్పీడ్‌గ్లాస్ అను హెల్మెట్టు 1981లో విపణికి వచ్చినది. పిదప పెక్కు దేశములవారు ఇట్టివి చేయసాగిరి. పని లేనప్పుడు అద్దపు నలుపు 3 లేక 4 సంఖ్యలో నుండును. ఆర్కు వెలిగినప్పుడు 9 మొదలు 13 వరకు మనము మీటతో పెట్టినంత నుండును. ఈ సంఖ్యల విలువ మాకు మిషను పాఠశాలలోనే తెలిసినది. 1995 అక్టోబరు 24న సూర్యగ్రహణము పట్టినప్పుడు మా ఉపాధ్యాయులు 14వ సంఖ్య వెల్డింగు అద్దమును పిల్లల చేతులకు వరుసగా అందించి చూపిరి.

ఇచ్చట ఒక సంగతి గట్టిగా చెప్పవలసియున్నది. ప్రమాణము గల హెల్మెట్టులో అతినీలలోహిత, పరారుణ కిరణముల నాపు పొర అద్దమునందే యుండును. బ్యాటరీ అయిపోయినను అది పనిచేయుచునే యుండును. ఆ యువకుని కన్నులు కాలినది హెల్మెట్టు నల్లబడనందున గాదు, దానిని తీసివేసినందున. అట్లని నల్లబడని దానితో పని సాగింపవచ్చునని తలంపరాదు. కండ్లు జిగేలుమనును, చేయి తప్పును, అతుకు చెడును. పైగా విసుగుతో ముసుగు తీయువాడు అప్పుడే తీయును.

కావున తొలుత చూడవలసినది మురికి. సెన్సార్లను, బయటి ప్లాస్టిక్ పలకను మెత్తని గుడ్డతో తుడువవలెను. పెట్రోలు, థిన్నరు తగులనీయరాదు. పలక మసకబారి పగుళ్లువారును. రవ్వలు పడి గరుకుబారిన పలకను మార్చవలెను. క్రొత్త పలకపై అంటియుండు పలుచని పొరను ఒలువక బిగించి, అద్దము మసకగానున్నదని దుకాణదారుతో జగడమాడినవారిని మేమెరుగుదుము.

పిమ్మట బ్యాటరీ. నాణెమువంటి ఈ బిళ్లమీద సి.ఆర్. 2032 అనియో 2450 అనియో ఉండును. 2032 అనగా 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము. 2450 అనగా 24.5 వెడల్పు, 5 మందము. ఒకదానికి బదులు వేరొకటి పనికిరాదు. పైనున్న సౌర పలకను చూచి, ఎండలో పెట్టినచో బ్యాటరీ నిండునని కొందరందురు. చాలా రకములలో బిళ్ల నిండునది కాదు, మార్చవలసినదే. బిళ్ల మార్చుటకు వీలులేని రకములును గలవు. తీసిన బిళ్లను పిల్లల కందనీయకుడు. మ్రింగినచో గొంతులోనే కాలి ప్రాణాపాయము గలుగును. క్షణము ఆలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇక మీటలు. గ్రైండింగునకు పెట్టి మరచినచో హెల్మెట్టు ఎంతమాత్రమును నల్లబడదు. దీనిని మొట్టమొదటనే చూచుట మేలు. సెన్సారు చురుకుదనము తక్కువగా నున్న చిన్న ఆర్కును అది గుర్తింపదు. ఎక్కువగా నున్న మన ఎండకే నల్లబడి యుండిపోవును, ప్రక్కవాని ఆర్కునకును నల్లబడును. ట్రాలీ క్రింద పండుకొని అతుకునప్పుడు ఇరుసు చాటుబడి సెన్సార్లకు వెలుగు అందదు. మిణుకుటకు ఇదియు కారణము. ఒకరు కూర్చుండు చోటు మార్చుకొన్న చాలును. మనవారు వాడు 3.15 మిల్లీమీటర్ల రాడ్డు సుమారు 90 మొదలు 130 ఆంపియర్ల వరకు నడచును. దానికి 10 లేక 11 సంఖ్య సరిపోవును. హెల్మెట్టును ట్రాక్టరు బానెట్టుపై ఎండలో వదలుట మానవలెను. చాలా రకముల పత్రములలో 55 డిగ్రీల వేడి మించరాదని యుండును. వేసవిలో ఇనుపరేకు అంతకంటె ఎక్కువ కాగును.

ఇవన్నియు సరిచేసి, ఆర్కు వెలిగింపకమునుపే హెల్మెట్టును ఎండవంక త్రిప్పి చూడవలెను. లేదా టీ.వీ. రిమోటును సెన్సార్లకు ఎదురుగా బెట్టి నొక్కవలెను. పెక్కు హెల్మెట్లు దానికి నల్లబడును. నల్లబడకున్న దానితో ఆ దినము పని లేదు. కిటికీ పలక పగిలినను, సగమే నల్లబడుచున్నను బాగుచేయ జూడక పారవేయవలెను. క్రొత్తది కొనునప్పుడు ఇ.ఎన్. 379 వంటి ప్రమాణపు గుర్తు అద్దముపైననే చెక్కియున్నదా యని చూడుడు. గుర్తు లేని చౌక సరకులో కిరణముల నాపు పొర యున్నదో లేదో చెప్పువారెవ్వరు?

కన్నులు కాలినచో బాధ సాధారణముగా 6 మొదలు 12 గంటల పిదప తెలియును. ఒకటి రెండు దినములలో తగ్గును. చనుబాలు, ఆలుగడ్డ వలదు. నలుపక, చల్లని తడిగుడ్డ వేసి కంటి వైద్యునికి చూపవలెను. తిమ్మిరి పుట్టించు చుక్కల మందును దుకాణమున కొని మరల మరల వేసికొనుట కంటిపొరకు మిక్కిలి హాని. ఇనుప రవ్వ కంట గ్రుచ్చుకొన్నచో అది వేరు సంగతి. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

వెల్డింగు చేయువాడు తన హెల్మెట్టు తానే తెచ్చుకొనవలెనని ఒక సంఘపు డైరెక్టరుగారు మాతో వాదించిరి. యంత్రము సంఘముది, అద్దె సంఘమునకు, కన్ను మాత్రము అతనిది! నాణెమంత బిళ్లకు, అరచేయంత పలకకు సంఘము వెనుకాడుట మాకు బోధపడలేదు. కొట్టమునం దెల్లప్పుడు రెండు విడి బిళ్లలు, నాలుగు పలకలు, బ్యాటరీతో పనిలేని పాత నల్లద్దపు ముసుగు ఒకటియు ఉండవలెను. ఆటో హెల్మెట్టు నల్లబడని దినము ఆ పాత ముసుగుతో పని జరుగును, రైతు అదనును దాటదు. ముసుగు లేక చుక్క పెట్టరాదని, ఎవరు తొందరపెట్టినను పని నాపు అధికారము కొట్టము చూచువానికి గలదని తీర్మానము వ్రాయవలెను. ఆనాడు అట్టి తీర్మానముండినచో మేమును మందు కలుపుటకు పోయి యుండము.

ఈ తీర్మానము సెప్టెంబరు లోపలి సమావేశములోనే కావలెను. గొర్రులు కొట్టము ముందు వరుసగట్టిన పిదప ఎవ్వరికిని వినుటకు తీరిక యుండదు.