దస్తర్‌ఖాన్ మీద మీరు, గుమ్మం బయట మేము

ఏటా రంజాన్ నెలవంక కనిపించగానే మా ఆఫీసులో అందరికీ నేను గుర్తొస్తాను. "భాయ్, ఈసారి కూడా ఆ ఐటమ్ నువ్వే రాయాలి" అంటాడు మా డెస్క్ ఇన్‌చార్జి. హైదరాబాద్‌లో రాత్రిపూట ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి, ఎక్కడ తిరగాలి - అదీ ఐటమ్. పదిహేనేళ్లుగా రాస్తున్నాను. మదీనా చౌరస్తాలో ఏం తినాలి, చార్మినార్ పక్కన నిమ్రాలో చాయ్‌లో ఏ బిస్కెట్ ముంచుకోవాలి, బార్కాస్‌లో మందీకి ఎప్పుడు వెళ్లాలి, అన్నీ. మిగిలిన పదకొండు నెలలూ మా బస్తీకి క్రైమ్ రిపోర్టర్ వెళ్తాడు. ఈ ఒక్క నెలా నేను.

ఈ ఏడు రాయనన్నాను. "ఏమైంది భాయ్, కోపమొచ్చిందా?" అన్నాడు. అవును, వచ్చింది. ఆ కోపమే ఇది. ప్రశ్నలు అవే మూడు. జవాబులే వేరు.

మొదటిది, ఎక్కడ తినాలి?

మా తిండి మీకిష్టం. సంతోషం. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి మాంసపు వంటకం అదే. 2019లో యునెస్కో వంటలకు పేరుపడ్డ నగరాల జాబితాలో హైదరాబాద్‌ను చేర్చింది. ఊరంతా మురిసింది. నేనూ మురిశాను. ఏడాది తిరిగాక, 2020 నవంబరులో కార్పొరేషన్ ఎన్నికల ప్రచారమొచ్చింది. తాము గెలిస్తే పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని ఒక పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు మైకులో చెప్పాడు. పాకిస్తానీలను, రోహింగ్యాలను ఏరిపారేయడానికట. యునెస్కో మెచ్చిన పొయ్యిలు మండేది ఆ బస్తీలోనే. ఆ మాటకు చప్పట్లు కొట్టినవాళ్లలో హలీం తినని వాళ్లెందరు?

హలీం నిజాం వంటింట్లోంచి ఊడిపడలేదు. యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకొచ్చిన అరబ్బులు తమ హరీస్‌ను వెంట తెచ్చుకున్నారు. వాళ్ల బ్యారక్సే ఇవాళ్టి బార్కాస్. ఆ హరీస్‌కు ఇక్కడి మసాలా కలిసి హలీం అయింది. గోధుమా మాంసమూ కలిసి ఒక్కటయ్యేదాకా కర్ర గోటాలతో దంచేది కూలికొచ్చిన కుర్రాళ్లు. వాళ్ల అరచేతుల బొబ్బలు ఏ ఆదివారం పేజీలోనూ అచ్చు కావు. మెనూలో మాత్రం 'నవాబీ', 'షాహీ', 'నిజామీ'. చచ్చిన నవాబుల పేరు మీ నాలుకకు రుచి. బతికున్న సాయిబు పేరే గొంతుకు అడ్డం.

మా అబ్బా నవాబు కాదు. సైకిల్ పంక్చర్లు వేసి మమ్మల్ని చదివించాడు. మా ఇంట్లో మటన్ అంటే బక్రీద్‌కే. మామూలు రోజుల్లో, అదీ డబ్బులుంటే, బడే కా గోష్త్. మీ మాటలో పెద్దకూర. ఆ పెద్దకూరతో వండేది కల్యాణీ బిర్యానీ. అసలైన బీదోడి బిర్యానీ. 1977 చట్టం ఆవును కోయనివ్వదు. ఇందులో పడేది దున్నపోతు మాంసం. మేం తింటాం, దళితులు తింటారు, హమాలీ తింటాడు. మొదటి ఏడు నా జాబితాలో కల్యాణీ కూడా రాశాను. డెస్క్ కొట్టేసింది. రెండో ఏడూ కొట్టేసింది. మూడో ఏటి నుంచి నేనే రాయలేదు. డెస్క్ కొట్టేసినందుకు కాదు, నేను రాయడం మానేసినందుకే ఇవాళ సిగ్గుపడుతున్నాను. 2012లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే దాడులు జరిగాయి, కత్తిపోటు పడింది. వాళ్లు బహిరంగంగా తిన్న ముద్దను నేను కాగితం మీద కూడా రాయలేకపోయాను.

రెండోది, ఎక్కడ తాగాలి?

ఇరానీ హోటల్లో. కానీ ఉంటే కదా! అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉండేది. కవులు, పత్రికలవాళ్లు, కమ్యూనిస్టులు ఒక్క చాయ్ మీద సాయంత్రమంతా వెళ్లదీసేవారట. ఇప్పుడు లేదు. మూలకో ఇరానీ హోటల్ ఉన్న ఊళ్లో ఇప్పుడు వెతుక్కోవాలి. మూల మీది స్థలానికి వచ్చే కిరాయి ముందు చాయ్ నిలబడదు. పోయింది చాయ్ అయితే నాకింత బాధ లేదు. పోయింది బల్ల. తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన కాలంలో, దళితుడు తన గ్లాసు తానే కడిగి చూరులో పెట్టిన కాలంలో, ఈ నగరంలో ఎవడు తాగిన కప్పుతోనైనా ఎవడికైనా చాయ్ ఇచ్చిన చోటు ఇరానీ హోటల్. నీ కులమేంది అనలేదు. 'పౌనా కావాలా, ఖడక్ కావాలా' అన్నారు, అంతే. కొన్నిచోట్ల రాజకీయాలు మాట్లాడరాదని గోడ మీద బోర్డుండేది. దాని కిందే కూచుని రాజకీయాలే మాట్లాడేవాళ్లు.

అయితే అబద్ధం చెప్పను. ఆ బల్ల దగ్గర ఆడమనిషికి చోటు లేదు. ఉంటే ఒక మూల, ఫ్యామిలీ రూమ్ అనే తెర వెనక. మా అమ్మీ ఈ నగరంలోనే పుట్టి, ఈ నగరంలోనే మట్టిలో కలిసింది. ఒక్కసారి కూడా ఇరానీ హోటల్లో కూచుని చాయ్ తాగలేదు. ఇందుకు మిమ్మల్ని అడగను. మావాళ్లనే అడుగుతాను, ముందు నన్నే అడుగుతాను.

తాగడమంటే చాయ్ ఒక్కటేనా అని నవ్వే సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. మీ పార్టీల్లో నా చేతిలో గ్లాసుంటే "నువ్వు అందరి లాంటివాడివి కాదు భాయ్" అంటారు. రోజా ఉన్నానంటే "నువ్వు కూడానా!" అని ముఖం మాడ్చుకుంటారు. తాగితే ప్రగతి, ఉపవాసముంటే ఛాందసం. ఏకాదశి ఉపవాసమున్న మిత్రుణ్ణి మీలో ఎవరూ ఆ ప్రశ్న వేయరు. నా మతమో, నా మతం లేకపోవడమో మీ గ్లాసుతో కొలవకండి.

మూడోది, ఎక్కడ తిరగాలి?

2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా నాడు బాంబు పేలింది. చచ్చింది మావాళ్లు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో చచ్చిందీ మావాళ్లే. పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. అదే ఏడు ఆగస్టు 25న కోఠీ గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో బాంబులు పేలాయి. సాయంత్రం చాట్ తినడానికి, లేజర్ షో చూడడానికి పోయిన నలభై మందికి పైగా ఇళ్లకు తిరిగి రాలేదు. ఆ కేసులో 2018లో కోర్టు ఇద్దరికి ఉరిశిక్ష వేసింది. ఆ ఇద్దరి తరఫున నా దగ్గర ఒక్క మాటా లేదు. కానీ ఆ ఏడు పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టాక, కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డ కుర్రాళ్ల సంగతి? వాళ్ల ఇరవయ్యో ఏడు ఎవరు తిరిగిస్తారు? మా అన్న కొడుకు అప్పుడు చిన్నవాడు. ఇప్పుడు ఇంజనీరు. ఈనాటికీ వీపున బ్యాగు తగిలించుకుని పార్కుకు పోడు. వద్దని ఎవరూ చెప్పలేదు వాడికి. చెప్పకుండానే నేర్చుకున్నాడు. మీ పిల్లలకు నగరమంటే తిరిగే చోటు. మా పిల్లలకు జవాబు చెప్పుకునే చోటు.

నా జాబితాలో ఎన్నడూ రాయని నాలుగో ప్రశ్న ఒకటుంది. ఎక్కడ ఉండాలి?

సిటీకి పడమటి వైపు, పిల్ల కాలేజీకి దగ్గరగా ఇల్లు వెతుకుతున్నాను. ఫోనులో అంతా కుదిరింది. "మీ తెలుగు ఎంత బాగుందండీ, ఏ ఊరు?" అన్నాడాయన. హైదరాబాదే అన్నాను. పేరు చెప్పాను. నిశ్శబ్దం. "మాకేం లేదండీ, అసోసియేషన్ వాళ్లు... నాన్‌వెజ్ వాసన..." అన్నాడు. అయినా చూసొద్దామని వెళ్లాను. లిఫ్టులో నాతోపాటు ఎక్కిన కుర్రాడి చేతిలో బిర్యానీ పార్శిళ్లు. ఆ వాసనకు అసోసియేషన్ అభ్యంతరం లేదు. వాసన మాంసానిది కాదు, పేరుది.

పేరు చాలు. దేశ విభజనలో సింధ్ నుంచి కాందిశీకుడై వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ అనే హిందువు 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర బేకరీ పెట్టి, పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకున్నాడు. 2025 మేలో ఆ కరాచీ బేకరీ బోర్డు మీద శంషాబాద్‌లో కర్రలు పడ్డాయి. 2019లో ఇదే నగరంలో ఒకాయన చికెన్ ఆర్డరిచ్చి, తెచ్చినవాడు ముస్లిమని తిప్పి పంపాడు. కోడి ఏ కత్తికి తెగిందో అడగలేదు. తెచ్చిన చేయి మాత్రం పనికిరాలేదు.

అయ్యా, మా తిండిని ప్రేమిస్తే మమ్మల్ని ప్రేమించినట్టేనని మీరనుకుంటున్నారు. కాదు. అది ఆకలి. ఆకలి తీరగానే మీరు మీ ఇంటికి, మేం మా బస్తీకి. గంగా జమునా తెహజీబ్ అంటూ మీరు ముచ్చటపడేది ఒకే ఒడ్డున నిలబడి. ఎప్పుడూ మీరే మా దగ్గరికి తినడానికొస్తారు. మేం మీ దగ్గరికి ఉండడానికి రాకూడదు.

మా ఇన్‌చార్జికి చివరికి ఒప్పుకున్నాను. ఐటమ్ రాస్తాను. కల్యాణీ బిర్యానీ మొదటి వరసలో ఉంటుంది. కొట్టేస్తే నా పేరు కూడా కొట్టేయమన్నాను. రంజాన్‌లో మా ఇంటికి ఇఫ్తార్‌కు రండి. మా అమ్మాయి, నా భార్య, మీ ఆడవాళ్లు, అందరం ఒకే దస్తర్‌ఖాన్ మీద. ఒక్కటే షరతు. పార్శిల్ కట్టివ్వను. కూచుని తినాలి. తిన్నాక మీ బిల్డింగులో కిరాయికి ఇల్లుందేమో చెప్పి వెళ్లాలి.