జిల్లాకొక బాటల పటము కావలెను

పొలము ఎంత సారవంతమైనను దానికి దారి లేనిచో ధర పలుకదు, కౌలుకు అడుగువాడు రాడు, అదనుకు కూలి దొరకడు. ఈ సంగతి రైతుకు మరియొకరు చెప్పవలసిన పని లేదు. అయినను ఊరి పుంతను ఏటికొక సాలు చొప్పున లోనికి దున్నుకొనువాడును రైతే. కనుక ఈ విషయమున మొదట మన తప్పు మనము ఒప్పుకొని, ప్రభుత్వము చేయవలసిన దానిని గురించి తరువాత మాటాడుట న్యాయము.

గోదావరి జిల్లాలలో పుంత అనునదే కృష్ణా, గుంటూరు ప్రాంతమున డొంక. తెలంగాణలో బండ్ల బాట అందురు; రాయలసీమలో రస్తా అందురు. పేరేదైనను అది గ్రామ పటములో రెండు గీతల నడుమ చూపబడి, రికార్డులలో పోరంబోకుగా వ్రాయబడిన నేల. ఎడ్లబండి, గొఱ్ఱెల మంద, నాట్లకు పోవు ఆడవారు, సైకిలుపై బడికి పోవు పిల్లలు, తాళ్ళు గీయువారు, కడకు శ్మశానమునకు పోవు పాడెకూడ ఆ దారినే సాగవలెను. గోదావరి జిల్లాలలో పుంతలో ముసలమ్మ అని ఒక గ్రామదేవత కలదు. పుంతకు అమ్మవారి కాపలా ఉన్నను సాలు జరుగుట మాత్రము ఆగలేదు.

ఈ సాలు జరుపుటలో లాభమెంతో ఒకసారి లెక్క వేసి చూతము. పుంత వెంబడి 330 అడుగుల పొడవున చేను గల రైతు నాలుగు అడుగుల వెడల్పున నేల కలుపుకొన్నాడనుకొందము. అతనికి కలిసివచ్చినది మూడు సెంట్లు. ఎకరమునకు 30 బస్తాలు పండు నేలయైనచో ఆ మూడు సెంట్లలో బస్తా ధాన్యమైనను నిండదు. ఎదుటి రైతును అంతే కలుపుకొన్నచో, 20 అడుగుల పుంత 12 అడుగులగును. వరికోత యంత్రము ముందు భాగము 14 అడుగుల వరకు ఉండును. అనగా ఇద్దరు రైతులు చెరియొక బస్తా కొరకు, ఆ వెనుకనున్న చేలన్నింటికి యంత్రము పోకుండ చేసినారన్నమాట. వెనుక చేల వారు ముందు చేలు కోయువరకు కాచుకొనవలెను, లేదా మోపులు తలపై మోయించవలెను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినది. డెల్టాలో అది వరి కోతల కాలము. మబ్బు పట్టిన తరువాత ఒకటి రెండు రోజులలో పంట గట్టెక్కవలసినపుడు, బండి చేరు చేనుకు, చేరని చేనుకు గల భేదము ఎంతటిదో డెల్టా రైతులకు తెలియును.

ఊరివారు కూడి ఎవరి ఊరి పుంతను వారు బాగుచేసికొన్న చాలదా అని అడుగవచ్చును. చాలదని నా అభిప్రాయము. పంచాయతీ తన నిధులతో మట్టి పోయించి కంకర పరచి పొలిమేర వరకు వచ్చి ఆగును. ఆవలి పంచాయతీకి ఆ దారితో పని లేకపోవచ్చును. వారు తమ బాట మరియొక దిక్కుకు వేసికొందురు. రెండు మంచి బాటల నడుమ అర మైలు బురద మిగులును. బాట అనునది ఒక ఊరిలో మొదలై మరియొక ఊరిలో, సంతలోనో, బడివద్దనో, కాటావద్దనో ముగియవలెను. ఈ కలుపు పని జిల్లా స్థాయిలో తప్ప జరుగదు. పంచాయతీల, పురపాలక సంఘముల ప్రణాళికలను ఒకటిగా కూర్చుటకు జిల్లా ప్రణాళికా సంఘము ఉండవలెనని రాజ్యాంగములోని 243 జడ్‌డి అధికరణము చెప్పుచున్నది. బాటల పటముకంటె ఆ సంఘమునకు తగిన పని ఏమున్నది?

ఇటువంటి పటము ఎక్కడను లేని వింత కాదు. ఇంగ్లండు, వేల్సు దేశములలో 1949 నాటి చట్టము కౌంటీ సభలచేత కాలిబాటలను సర్వే చేయించి పటముపైకి ఎక్కించినది. ఒక బాట ఆ పటములో ఎక్కెనా, అది ప్రజల బాట అనుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు. మన దేశమున పట్టా భూముల మీదుగా పోవు నడక దారికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము కొంత రక్షణ ఇచ్చుచున్నది. కాని 20 సంవత్సరములు ఆటంకము లేక హక్కుగా నడిచితినని కోర్టులో రుజువు చేసికొనవలెను. దారి దక్కునాటికి రైతుకు ఓపిక, సొమ్ము రెండును అయిపోవును. ముందుగా పటము ఉండుటయే మేలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల పునః సర్వే ప్రారంభమైనది. కొలతగాడు వచ్చిననాడు పుంత 12 అడుగులే ఉన్నచో, ఎవరును నోరు విప్పనిచో, 12 అడుగులే కొత్త పటములో స్థిరపడును. పాత పటములోని 20 అడుగులను ఆనాడే ఎత్తి చూపవలెను. నక్షాలో బండ్ల బాట ఉండి నేలమీద లేని తెలంగాణ గ్రామములకును ఇదే మాట వర్తించును.

ఇక కాలువ గట్లు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మట మన డెల్టా కాలువలలో నీటితోపాటు పడవలును నడిచినవి. గాలి లేనపుడు మనుష్యులు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. ఏలూరు కాలువ గోదావరి, కృష్ణా కాలువలను రెంటిని కలుపుచున్నది. కనుక గట్టు మొదటినుండి బాటయే. అదియు ఊరూరిని తాకుచు, ఎత్తుపల్లములు లేక జిల్లాలు దాటు బాట. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున ఎల్‌రాయ్ నుండి స్పార్టా వరకు మూతపడిన రైలు దారిని 1960ల నాడు నడకకు, సైకిళ్ళకు బాటగా మార్చిరి. మనము మూతపడిన రైలు దారికొరకు వెదకనక్కరలేదు. అయితే గట్టుపై బరువు లారీలను విడువరాదు. గట్టు కుంగి గండి పడినచో బాట వలన వచ్చిన మేలంతయు ఒక్క రాత్రిలో పోవును. గట్టు నడకకు, సైకిళ్ళకు, తనిఖీ బండికి, బరువంతయు పుంతకు. ఈ విభజన పటములోనే వ్రాసి ఉంచవలెను.

బాట వేయు తీరును గురించి కొంత చెప్పవలసి యున్నది. హైదరాబాదులో 2023లో వెలుపలి వలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి పైన సౌరఫలకముల కప్పు వేసిరి. నగరమునకు అది ముచ్చటయే. పల్లె బాటకు కప్పు చెట్లే. బాట తూర్పు పడమరలుగా పోవునపుడు దక్షిణపు అంచున చెట్లు నాటవలెను. మన ప్రాంతమున దాళ్వా కాలమంతయు సూర్యుడు దక్షిణముగ ఉండును గనుక నీడ బాటపై పడును, చేనిపై పడదు. ఉత్తరపు అంచున నాటినచో నీడ పొరుగు చేనిపై పడును. ఆ రైతు రెండేండ్లలో గొడ్డలి పట్టును, తప్పు అతనిదని అనలేము. కానుగ మంచిది, ఆకు దమ్ములో త్రొక్కుటకు పనికివచ్చును. సర్కారు తుమ్మను మొలకలోనే పీకవలెను.

బాట వెడల్పంతయు సిమెంటు పోయు అలవాటు నాకు నచ్చదు. చక్రముల క్రింద రెండు పట్టీలు గట్టిచేసి, ఒక అంచున పశువుల డెక్కలకు మట్టి దారి విడువవచ్చును. ఇరు ప్రక్కల మురుగు కాలువ, బోదె దాటుచోట తూము ముఖ్యము. అవి లేని బాట మొదటి వానకే తానే బోదె అగును. దమ్ము చక్రములతో ట్రాక్టరును గట్టి బాటపై నడుపువారికి పంచాయతీ జరిమానా వేయవలెను. పదిమంది సొమ్ముతో వేసిన బాటను ఒక ఉదయమున చీల్చిపోవు హక్కు ఎవరికిని లేదు.

కష్టమైన సంగతి ఇప్పుడు వచ్చుచున్నది. డొంక పోరంబోకులలో, కాలువ గట్లపై ఇళ్ళు కట్టుకొని తరతరములుగా ఉన్న నిరుపేదలు కలరు. మూడు సెంట్లు కలుపుకొన్న భూస్వామిని, మూడు సెంట్లే బ్రతుకైన కూలివానిని ఒకే నోటీసుతో లేపుట అన్యాయము. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించవలెనని 2011 జనవరిలో సుప్రీం కోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రములను ఆదేశించినపుడుకూడ, ప్రభుత్వ ఉత్తరువుపై భూమిలేని కూలీలకు ఇచ్చిన స్థలము వంటివానిని మినహాయింపుగా చూడవచ్చునన్నది. ఇల్లున్నచోట బాటను ప్రక్కకు త్రిప్పవలెను. త్రిప్పుటకు వీలులేనిచో స్థలము చూపి, ఇల్లు లేచిన తరువాతనే పునాది తీయవలెను. ఆలస్యమగునని ఇంజనీర్లు అందురు. కానిండు.

ఊరిలో పని మొదలిడుటకు జిల్లా ఉత్తరువుకొరకు చూడనక్కరలేదు. గ్రామ పటము నకలు తెచ్చుకొని, సర్వేయరుతోను, రెండు పొలిమేరల రైతులతోను పుంత వెంబడి ఒకసారి నడచి, ఎక్కడ ఎన్ని అడుగులు మిగిలినవో వ్రాసి గ్రామసభ ముందుంచవలెను. ఏప్రిల్, మే నెలలలో దాళ్వా కోతలై చేలు ఖాళీగా ఉన్నపుడు గొలుసు లాగుట సులభము. నాట్లు పడిన తరువాత కొలతగానిని ఏ రైతును చేలో దిగనీయడు.